తెలుగు థీసిస్‌లో రచయిత–సంవత్సరం పద్ధతి: బిబ్‌లేటెక్ పేర్లని తిరగేస్తోంది

వశిష్ఠ గట్టు
అందరికీ నమస్కారం అండీ. ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక గోదావరి డెల్టా ఊళ్ల జీవితం ఎలా మారిందన్న దాని మీద తెలుగులోనే థీసిస్ రాస్తున్నాను. పేజీలు కూర్చడానికి లువాలేటెక్, గ్రంథసూచికి బిబ్‌లేటెక్ ప్యాకేజీ, దాని వెనక పేర్లు విడదీసి వరస పెట్టే బైబర్ ప్రోగ్రాం వాడుతున్నాను. స్టైల్ ఆథర్‌ఇయర్. కోడ్ పెడితే ఈ సైటు బ్యాక్‌స్లాష్‌లు మింగేస్తోంది కాబట్టి కమాండ్ల పేర్లు మాటల్లోనే రాస్తున్నా.

నా గొడవ ఇదీ. పుస్తకాల వివరాలుండే బిబ్ ఫైల్లో ఆథర్ దగ్గర "శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి" అని ఇస్తే, వాక్యం మధ్యలో "సుబ్రహ్మణ్యశాస్త్రి" అని వస్తోంది, చివరి జాబితాలో "సుబ్రహ్మణ్యశాస్త్రి, శ్రీపాద" అని స దగ్గరకి పోతోంది. తిరుపతి వేంకట కవులు ఇంకా ఘోరం. జాబితాలో క దగ్గర "కవులు, తిరుపతి వేంకట" అని తేలారు. ప్రస్తుతానికి ప్రతి పేరు చుట్టూ రెండేసి మీసాల బ్రాకెట్లు పెట్టి నోరు మూయించాను. ఇది సరైన పద్ధతేనా?

గైడు గారు అడిగినవి: బ్రాకెట్లో పేరు, కామా, సంవత్సరం, కోలన్, పేజీ. "ఎట్ ఆల్" (తదితరులు అన్న అర్థంలో వచ్చే మాట) కనపడకూడదు. తెలుగు పుస్తకాలు, ఇంగ్లీషు పుస్తకాలు ఒకే జాబితాలో ఉండాలి. వచ్చే నెల సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.

పూతరేకు
వర్డ్‌లో జొటెరో (గ్రంథసూచి సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే గంటలో అయిపోయేది కదండీ.

కరకట్ట
జొటెరోలో కూడా ఇంటిపేరు ఎక్కడ, పేరు ఎక్కడ అనేది మీరే పెట్టాలి. రోగం మారదు, ఆసుపత్రి మారుతుంది.

బైబర్ బాబాయ్
అమ్మాయ్, ముందు ఆ రెండేసి బ్రాకెట్లు తీసెయ్. తిరుపతి వేంకట కవులకి మాత్రం ఉంచు. అది ఇద్దరు కలిసి పెట్టుకున్న జంట పేరు, దాన్ని ముక్కలు చెయ్యకూడదు. మిగతా అందరికీ అలా పెడితే బైబర్ దృష్టిలో ఆ పేరు మొత్తం ఒకే ఇంటిపేరు అయిపోతుంది. అప్పుడు పొడి అక్షరాలు రావు, ఒకే ఇంటిపేరున్న ఇద్దర్ని విడదీయడం కుదరదు.

బైబర్‌కి కామా లేని పేరు ఇస్తే ఆఖరి మాట ఇంటిపేరు అనుకుంటుంది. ఇంగ్లీషు వాళ్ల అలవాటు అది, మనది తిరగబడింది. కాబట్టి కామాతో ఇవ్వు: "శ్రీపాద, సుబ్రహ్మణ్యశాస్త్రి". ఇంకా స్పష్టంగా కావాలంటే విడివిడిగా రాయొచ్చు: ఫ్యామిలీ ఈక్వల్స్ శ్రీపాద, గివెన్ ఈక్వల్స్ సుబ్రహ్మణ్యశాస్త్రి. నేను ఈ రెండోదే వాడతాను, ఎందుకో కింద చెప్తా.

బిబ్ ఫైల్లో నిజం రాయాలి. ఏది ఇంటిపేరో, ఏది సొంత పేరో అంతే. కాగితం మీద ఏది ముందు రావాలి, మధ్యలో కామా ఉండాలా అన్నది ప్రియాంబుల్ (డాక్యుమెంటు మొదట్లో సెట్టింగులు రాసే భాగం) చూసుకుంటుంది. గైడు గారి ఇష్టం మారినప్పుడల్లా బిబ్ ఫైల్లో వందల పేర్లు తిరగరాసుకుంటూ కూర్చుంటావా?

ఇక చూపించే పద్ధతి. ఆథర్‌ఇయర్‌లో మొదటి రచయిత పేరు మాత్రమే ఇంటిపేరు ముందు వచ్చేలా ఉంటుంది, తర్వాతి వాళ్లది సొంత పేరు ముందు వస్తుంది. డిక్లేర్‌నేమ్‌ఎలియాస్‌తో సార్ట్‌నేమ్‌ని ఫ్యామిలీ–గివెన్‌కి కట్టెయ్, అందరికీ ఇంటిపేరే ముందొస్తుంది. మధ్యలో కామా తియ్యాలంటే రివ్స్‌డ్‌నేమ్‌పంక్ట్ అనే కమాండ్ ఖాళీ చెయ్. అప్పుడు "శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి" అని మన వాళ్లు రాసుకున్నట్టే వస్తుంది.

కానీ అదే కామా ఇంగ్లీషు పేర్లకి ఉండాలి. కాబట్టి ఆ ఖాళీ చేసే పని ఎట్‌ఎవ్రీబిబ్‌ఐటమ్‌లో పెట్టి, లాంగ్‌ఐడీ (ఎంట్రీ ఏ భాషదో చెప్పే ఫీల్డు) తెలుగు అయితేనే జరిగేలా షరతు పెట్టు. ప్రతి ఎంట్రీకి లాంగ్‌ఐడీ రాయడం బద్ధకించకు, ముందు ముందు అన్నిటికీ అదే ఆధారం.

వశిష్ఠ గట్టు
బాబాయ్ గారూ, మొదటిది పని చేసింది. థాంక్స్ అండీ. కానీ కొత్త చిక్కు. నా జాబితాలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారితో పాటు శ్రీపాద కృష్ణమూర్తి శాస్త్రి గారూ ఉన్నారు. ఇప్పుడు వాక్యంలో "సు. శ్రీపాద" అనీ "కృ. శ్రీపాద" అనీ వస్తోంది. తెలుగులో ఇలా ఎవరు రాస్తారండీ? మా అమ్మకి చూపిస్తే నవ్వింది.

లాకు సూపర్వైజర్
ఇద్దరూ మన గోదావరి వాళ్లే, ఇద్దరూ శ్రీపాదలే. మా చిన్నప్పుడు లైబ్రరీలో కూడా ఒకరి పుస్తకం అడిగితే ఇంకొకరిది ఇచ్చేవారు. కంప్యూటర్‌ని అని ఏం లాభం.

బైబర్ బాబాయ్
అది యూనిక్‌నేమ్ అనే ఆప్షన్ చేసే పని. ఆథర్‌ఇయర్‌లో డీఫాల్టుగా ఆన్‌లోనే ఉంటుంది. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు కనపడితే పొడి అక్షరం చేరుస్తుంది, అదీ సరిపోకపోతే పూర్తి పేరు. ఆపేయకు, పాఠకుడికి అది కావాలి. వరస మాత్రం మార్చు.

లేబుల్‌నేమ్ అనే నేమ్ ఫార్మాట్ ఒకటుంది, వాక్యంలో పేరు ఎలా రావాలో అదే చూస్తుంది. దాన్ని కాపీ చేసుకుని, పొడి అక్షరం చేర్చే చోట గివెన్–ఫ్యామిలీ ఉన్నదాన్ని ఫ్యామిలీ–గివెన్ చెయ్. "శ్రీపాద సు." వస్తుంది. నా ఓటు మాత్రం అక్కడ పొడి అక్షరం వద్దు, పూర్తి పేరే రానీ. తెలుగులో "సు." చూసి ఎవరో పోల్చుకోవడం కష్టం. "శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి" రెండు మాటలే కదా, చోటేం పోదు.

పొడి అక్షరమే కావాలంటే ఇంకో సంగతి. మొదటి అక్షరం తీసేటప్పుడు బైబర్ మన ఒత్తుల్ని అన్నిసార్లూ పట్టుకోదు. "కృష్ణమూర్తి" నుంచి "కృ." బాగానే తీసింది. "శ్రీనివాస్" నుంచి నాకు "శ్." వచ్చింది, రీ ఎగిరిపోయింది. అందుకే నేను విడివిడిగా రాసే పద్ధతి వాడతాను. అందులో గివెన్–ఐ అని ఒకటి ఇచ్చి "శ్రీ" అని మనమే చెప్పొచ్చు. చెప్తే ఇంక అది తల దూర్చదు.

కరకట్ట
ఒక మౌలికమైన ప్రశ్న. అసలు తెలుగులో ఇంటిపేరుతోనే సైట్ చెయ్యాలని ఎవరన్నారు? గురజాడ, శ్రీపాద అంటే ఇంటిపేర్లు. వీరేశలింగం అంటే సొంత పేరు, కందుకూరి 1880 అంటే సగం మందికి వెలగదు. శ్రీశ్రీ అంటే రెండూ కాదు. మనుషులు ఎలా పిలుస్తారో అలా ఉండాలి కదా.

వశిష్ఠ గట్టు
మా గైడు గారిదీ అదే మాట! "ఎవరు ఎలా ప్రసిద్ధులో అలా" అన్నారు.

బైబర్ బాబాయ్
వినడానికి బాగానే ఉంటుంది. కానీ వాక్యంలో వీరేశలింగం అని చదివినవాడు జాబితాలో వ దగ్గర వెతుకుతాడు. అక్కడ క దగ్గర "కందుకూరి వీరేశలింగం" ఉంటే దొరకదు. రచయిత–సంవత్సరం పద్ధతిలో ఉన్నదే ఒక ఒప్పందం: వాక్యంలో కనపడిన మాటే జాబితాలో ఆ ఎంట్రీ తల దగ్గర కనపడాలి. నంబర్ల పద్ధతిలో అయితే ఈ బాధ లేదు, అంకె చూసి వెళ్లిపోతారు.

"ప్రసిద్ధులో అలా" కావాల్సిందే అంటే ఒక దారి ఉంది. షార్ట్‌ఆథర్ అని ఫీల్డు ఉంది. అందులో వీరేశలింగం అని రాస్తే వాక్యంలో అది వస్తుంది. సార్ట్‌నేమ్ అని ఇంకో ఫీల్డు, అందులోనూ వీరేశలింగం. ఇది వరసకి మాత్రమే, అచ్చులో రాదు. అప్పుడు ఎంట్రీ వ దగ్గరకి చేరుతుంది. తల దగ్గర "వీరేశలింగం" కూడా కనపడాలి కాబట్టి బెగ్‌ఎంట్రీ అనే బిబ్‌మాక్రోలో (ఎంట్రీ మొదట్లో నడిచే కోడ్ ముక్క), షార్ట్‌ఆథర్ ఉంటే ముందు దాన్ని బోల్డ్‌లో వెయ్యి, తర్వాత మామూలు పేరు. సరే, కానీ యాభై మందికి ఇలా చేస్తే జాబితా అంతా రెండేసి పేర్లతో కిక్కిరిసిపోతుంది. నలుగురైదుగురికే ఉంచు.

పూతరేకు
షార్ట్‌హ్యాండ్ ఫీల్డు వాడకూడదా? నేను ప్రభుత్వ రిపోర్టులకి అదే పెట్టాను.

బైబర్ బాబాయ్
షార్ట్‌హ్యాండ్ పెడితే పేరూ సంవత్సరం రెండూ పోయి ఆ పొట్టి మాట ఒక్కటే వస్తుంది. సంవత్సరం ఉండాలంటే షార్ట్‌ఆథర్. పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ రిపోర్టులు ఏడాదికొకటి ఉంటాయి కదా, వాటికి షార్ట్‌హ్యాండ్ ఇస్తే ఏది ఏ ఏడాదిదో ఎవరికి తెలుస్తుంది.

లాకు సూపర్వైజర్
రిపోర్టుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మీ థీసిస్‌లో జిల్లా పేరు జాగ్రత్త. 1859 దాకా రాజమండ్రి జిల్లా, తర్వాత గోదావరి జిల్లా, 1925లో తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అన్న జిల్లాలు వచ్చాయి, 2022లో మళ్లీ ముక్కలయ్యాయి. పాత రిపోర్టుకి రచయితగా "తూర్పు గోదావరి" అని రాసేస్తారు కొందరు. టైటిల్ పేజీ మీద ఏముంటే అదే రాయండి. ప్రచురణ స్థలం కూడా అంతే, పాత పుస్తకానికి రాజమహేంద్రవరం అని కొత్తగా దిద్దకండి. ఆ పేరు అధికారికంగా మళ్లీ వచ్చింది 2015లో.

ఇంకోటి. వాల్ష్ దొర డెల్టా ఇంజనీరింగు పనుల మీద రాసింది 1896లో, మోరిస్ జిల్లా చరిత్ర 1878లో. మీ చేతిలో ఉన్నవి రీప్రింట్లు అయ్యుంటాయి. రీప్రింట్ సంవత్సరం వేస్తే చదివేవాడు కాటన్ పోయిన వందేళ్లకి మోరిస్ రాశాడనుకుంటాడు.

వశిష్ఠ గట్టు
నిజమేనండీ, మోరిస్ రీప్రింటే ఉంది నా దగ్గర. దీనికి ఏం చెయ్యాలి బాబాయ్ గారూ?

బైబర్ బాబాయ్
డేట్‌లో రీప్రింట్ సంవత్సరం, ఆరిజ్‌డేట్‌లో 1878. పేజీ నంబర్లు రీప్రింట్‌వే కాబట్టి రెండూ ఉండాలి. కానీ వాక్యంలో ఆరిజ్‌డేట్ దానంతట అది రాదు. డిక్లేర్‌లేబుల్‌డేట్‌తో ఆరిజ్‌డేట్‌ని ముందు చూడమని చెప్తే (మోరిస్, 1878) వస్తుంది. జాబితాలో చివర "పునర్ముద్రణ" అని రెండో సంవత్సరం వేసుకో. చరిత్ర థీసిస్‌కి ఇదే నయం.

సున్నా_హలంతు
తెలుగు సంవత్సరాలు ఉన్న పుస్తకాలు లేవా మీ దగ్గర? నాకు ఒక కరపత్రం దొరికింది, మీద "బహుధాన్య" అని తప్ప ఇంకేం లేదు.

కరకట్ట
బహుధాన్య అంటే 1878–79. లేదా 1938–39. అరవై ఏళ్ల చక్రం, మధ్యలో ఎవరి ముత్తాతది, ఎవరి తాతది అనేది కాగితం చూసి చెప్పాలి.

బైబర్ బాబాయ్
ఉగాది నుంచి ఉగాది కాబట్టి ఒక ఇంగ్లీషు సంవత్సరంలో ఇమడదు. డేట్‌లో 1878 స్లాష్ 1879 అని ఇస్తే బిబ్‌లేటెక్ దాన్ని వ్యవధిగా తీసుకుని 1878–1879 అని వేస్తుంది, వరసకి మొదటి ఏడాది చూస్తుంది. అనుమానం ఉంటే సంవత్సరం పక్కన ప్రశ్నార్థకం పెట్టి డేట్‌అన్‌సర్టెన్ ఆప్షన్ ఆన్ చెయ్, "1878?" అని అచ్చవుతుంది. ఉజ్జాయింపు అయితే టిల్డ గుర్తు, డేట్‌సర్కా ఆప్షన్. "బహుధాన్య" అన్న మాట నోట్ ఫీల్డులో పెట్టు. డేట్ ఫీల్డులో తెలుగు మాటలు రాస్తే బైబర్ హెచ్చరిక ఇచ్చి తేదీని పక్కన పడేస్తుంది.

అమలాపురం డీటీపీ
నమస్తే అండి. ఈ లేటెక్ నాకు తెలీదు గానీ, కస్టమర్లు అను ఫాంట్లలో కొట్టిన గ్రంథసూచి ఉంటే నేరుగా దీంట్లో పడేయొచ్చా? మా దగ్గర పేజ్‌మేకర్ ఫైళ్లు బోలెడున్నాయి.

సున్నా_హలంతు
పడేస్తే చెత్త వస్తుంది. అను పాఠం యూనికోడ్ కాదు, ఇంగ్లీషు గుర్తుల మీద తెలుగు బొమ్మ తొడిగినట్టు ఉంటుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ఒత్తులు, ఐత్వాలు ఒక్కసారి కళ్లారా చూసుకోవాలి.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. వశిష్ఠ గారూ, మీ బిబ్ ఫైల్లో "వాల్ష్" రెండు రకాలుగా ఉందేమో చూడండి. తెలుగు కీబోర్డులు కొన్ని పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి చేరుస్తాయి. తెరమీద రెండూ ఒకటే. బైబర్‌కి మాత్రం ఇద్దరు మనుషులు. అప్పుడు ఒకే ఏడాది పుస్తకాలు రెండుంటే పక్కన అక్షరం రాదు, అది సొంత పేరులో దూరితే యూనిక్‌నేమ్ లేనిపోని పొడి అక్షరాలు తగిలిస్తుంది.

వశిష్ఠ గట్టు
ఓరి దేవుడా. మోరిస్ ఒకచోట "హె. మోరిస్" అని ఎందుకొస్తోందో ఇప్పుడర్థమైంది! రెండు రోజులుగా యూనిక్‌నేమ్‌ని తిడుతున్నాను.

సున్నా_హలంతు
ఎడిటర్‌లో యూ ప్లస్ 200సి అని వెతికితే బయటపడతాయి. చేత్తో తియ్యక్కర్లేదు. డిక్లేర్‌సోర్స్‌మ్యాప్‌లో (బిబ్ ఫైలు చదివేటప్పుడే సవరించమని బైబర్‌కి చెప్పే కమాండ్) ఒక రూల్ రాసి, ఆథర్, షార్ట్‌ఆథర్, సార్ట్‌నేమ్ ఫీల్డుల్లో కామా ముందు, స్పేస్ ముందు, ఆఖర్న ఉన్నవాటిని మాత్రం తీయించండి. మాట మధ్యలో ఉన్నవి వదిలేయండి, అక్కడ అవి కావాలి. లేకపోతే రెండు మాటలు కలిసిపోయి ఒత్తు పడుతుంది.

పూతరేకు
నేను లేటెక్ బదులు టిప్స్ట్ వాడుతున్నా. అక్కడ సీఎస్‌ఎల్ ఫైలు (సైటేషన్ స్టైల్ రాసి ఉండేది) ఇస్తే చాలు, కంపైల్ క్షణంలో అవుతుంది. ఇంత తలనొప్పి లేదు.

బైబర్ బాబాయ్
వాడుకో నాయనా, మంచిదే. సీఎస్‌ఎల్‌లో ఒకే జాబితాలో తెలుగుకి ఒక రూల్, ఇంగ్లీషుకి ఒక రూల్ పెట్టేటప్పుడు తలనొప్పి వస్తుంది, అప్పుడు మాట్లాడదాం.

వశిష్ఠ, ఇప్పుడు గైడు గారి కోరికలు. పేరుకీ సంవత్సరానికీ మధ్య కామా: నేమ్‌ఇయర్‌డెలిమ్. దీన్ని పేరెన్‌సైట్‌కి (పేరూ సంవత్సరం రెండూ బ్రాకెట్లో వేసే కమాండ్) మాత్రమే పెట్టు. టెక్స్ట్‌సైట్‌లో "మోరిస్ (1878)" అని వస్తుంది కదా, అక్కడ కామా అక్కర్లేదు. పేజీకి ముందు కోలన్: పోస్ట్‌నోట్‌డెలిమ్. "పు." వద్దంటే పోస్ట్‌నోట్ ఫీల్డ్ ఫార్మాట్‌ని వట్టి అంకె చేసెయ్. (మోరిస్, 1878: 45) అవుతుంది. జాబితాలో సంవత్సరం చుట్టూ బ్రాకెట్లు తీయాలంటే మామూలు ఆథర్‌ఇయర్‌లో మాక్రోని అతుకులేసుకోవాలి. ఎక్స్ట్–ఆథర్‌ఇయర్‌కి మారితే బిబ్‌లేబుల్‌డేట్ అనే ఫార్మాట్ ఒక్కటి మారిస్తే సరి. ఒకే రచయిత మళ్లీ వస్తే గీత వేస్తుంది, వద్దంటే డ్యాష్డ్ ఆప్షన్ ఫాల్స్.

ఎట్ ఆల్ సంగతి. బిబ్‌లేటెక్‌తో తెలుగు భాషా ఫైలు రాదు, మరాఠీకి ఉంది. కాబట్టి హెచ్చరిక ఇచ్చి ఇంగ్లీషు మాటలు వాడుతుంది. నువ్వే తెలుగు డాట్ ఎల్‌బీఎక్స్ అని ఆ భాషా ఫైలు ఒకటి రాసుకో. ఇంగ్లీషుది వారసత్వంగా తెచ్చుకుని కావాల్సిన మాటలు మార్చు: ఆండ్‌అదర్స్‌కి తదితరులు, ఎడిటర్‌కి సంపా., వాల్యూమ్‌కి సంపుటి, నోడేట్‌కి తే.లే. ఆండ్ దగ్గర "మరియు" మాత్రం పెట్టకు తల్లీ. ఫైనల్‌నేమ్‌డెలిమ్‌ని కామా చెయ్.

కరకట్ట
"మరియు" విషయంలో బాబాయ్‌కి నా పూర్తి మద్దతు. జన్మలో మొదటిసారి.

వశిష్ఠ గట్టు
"తదితరులు (2011) ప్రకారం" అని వస్తోందండీ. "తదితరుల" అని ఉండాలి కదా?

బైబర్ బాబాయ్
ఉండాలి. న్యూబిబ్లియోగ్రఫీస్ట్రింగ్‌తో "తదితరుల" అని ఇంకో మాట చేర్చుకో. నేమ్ కోలన్ ఆండ్‌అదర్స్ అనే బిబ్‌మాక్రోలో ఒక టాగుల్ (ఆన్–ఆఫ్ మీట) చూసి ఏది వెయ్యాలో తేల్చుకునేలా మార్చు. ఆ టాగుల్ ఆన్ చేసి టెక్స్ట్‌సైట్‌ని పిలిచే చిన్న కమాండ్ ఒకటి రాసుకుంటే, "ప్రకారం", "అభిప్రాయంలో" ముందు అది వాడొచ్చు. లేదా వాక్యం తిప్పి రాయి, "అని రాశారు" అంటే గొడవే లేదు. నేనైతే తిప్పి రాస్తాను.

లాకు సూపర్వైజర్
ఒకే ఏడాది రెండు పుస్తకాలుంటే 1896ఏ, 1896బీ అని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయిగా, అవి కూడా తెలుగులోకి వస్తాయా?

బైబర్ బాబాయ్
వస్తాయండీ. ఎక్స్‌ట్రాడేట్ అనే ఫార్మాట్, అది లోపల వట్టి అంకె. ఒకటికి ఫలానా అక్షరం, రెండుకి ఫలానా అని చెప్పుకోవడమే.

సున్నా_హలంతు
అ, ఆ పెట్టకండి. చిన్న సైజులో జిరాక్స్ అయ్యాక ఆ తోక కనపడదు. క, ఖ, గ పెట్టండి.

వశిష్ఠ గట్టు
ఇక ఆఖరిది. వాక్యంలో "వాల్ష్" అని తెలుగులో ఉంది, జాబితాలో అదే మనిషి ఇంగ్లీషు లిపిలో ఉన్నాడు. ఇంగ్లీషువన్నీ ముందు గుంపుగా వచ్చేస్తున్నాయి. గైడు గారేమో ఒకటే జాబితా, అకారాది క్రమం అంటున్నారు.

కరకట్ట
రెండు జాబితాలు చేసెయ్యండి. కీవర్డుతో విడగొట్టడం తేలిక.

బైబర్ బాబాయ్
తేలికే. కానీ వాల్ష్‌ని వెతికేవాడికి ఏ జాబితాలో చూడాలో తెలియాలి కదా. ఇందాక వీరేశలింగానికి చెప్పిందే ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఇంగ్లీషు ఎంట్రీలన్నిటికీ షార్ట్‌ఆథర్‌లో తెలుగు లిపి, సార్ట్‌నేమ్‌లో అదే. తల దగ్గర బోల్డ్‌లో వాల్ష్, పక్కన ఇంగ్లీషు లిపిలో పూర్తి పేరు, శీర్షిక. అప్పుడు వ దగ్గర వాల్ష్, వీరేశలింగం పక్కపక్కనే ఉంటారు. సార్ట్‌లొకేల్‌ని తెలుగు కోడ్‌కి పెట్టు, గంటి, గరిమెళ్ళ, గిడుగు ఆ వరసలో వస్తే సరిగ్గా ఉన్నట్టు. పాత బిబ్‌టెక్‌తో ఇది ఆశించకు, 1985 నాటిది, దానికి మన అక్షరక్రమం తెలీదు.

రెండు లిపులకి రెండు ఫాంట్లు ఎవరు మారుస్తారంటే బేబెల్ అనే భాషల ప్యాకేజీ. బేబెల్‌ప్రొవైడ్‌లో ఆన్‌చార్ ఆప్షన్ పెడితే అక్షరం చూసి తనే మారుస్తుంది, లువాలేటెక్‌లో మాత్రమే. ఫాంటుకి రెండరర్ హార్ఫ్‌బజ్ అని ఇవ్వడం మరచిపోతే ఒత్తులన్నీ విడిపోయి కూర్చుంటాయి.

వశిష్ఠ గట్టు
వచ్చింది! మొత్తం వచ్చింది. నిన్న చూపించాను. జాబితా బాగుందన్నారు, పేరు తర్వాత కామా మాత్రం తీసేయమన్నారు, వాళ్ల డిపార్ట్‌మెంట్‌లో ఇంకొకరికి నచ్చలేదట.

బైబర్ బాబాయ్
ఒక లైనే.

వశిష్ఠ గట్టు
తీసేశానండీ. తెలుగు డాట్ ఎల్‌బీఎక్స్ ఫైలు ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపుతాను. "కూర్పు", "ముద్రణ" రెండింట్లో ఎడిషన్‌కి ఏది పెట్టాలో తేలక ముద్రణ ఉంచాను, మార్చుకోవచ్చు. డీటీపీ గారూ, ప్రింటు మీ దగ్గరే తీయిద్దామనుకుంటున్నా. ఏ4, ఒక పక్కే.

అమలాపురం డీటీపీ
ఆయ్, పంపండి అండి. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో చూసి పంపండి చాలు, పేజ్‌మేకర్‌లోకి ఎక్కించను. హార్డ్ బైండింగ్‌కి ఎడమ వైపు మార్జిన్ అంగుళంన్నర వదలండి. ఎన్ని కాపీలు?